సగం తుడిచిన అద్దం

బస్తర్‌లో హిమపాతం ఉండదు. కానీ శీతాకాలంలో తెల్లవారుజామున బండి కదలాలంటే మంచుతో కుస్తీ తప్పదు

తెలుగువాడికి మంచు ఒక్కటే. గడ్డిపరక మీద నిలిచిన బొట్టూ మంచే, సంక్రాంతి ముందు ఊరిని కమ్మేసే తెల్లటి తెరా మంచే, హిమాలయాల్లో మోకాలి లోతున పేరుకునేదీ మంచే. హిందీవాడు వీటిని ఓస్, కోహరా, పాలా, బర్ఫ్ అంటూ వేర్వేరు డబ్బాల్లో సర్దుకున్నాడు. మనం పొగమంచు అనీ, మంచుగడ్డ అనీ తోకలు తగిలించి సరిపెట్టుకున్నాం. ఈ పొదుపు వల్ల అప్పుడప్పుడూ తమాషా జరుగుతుంటుంది. న్యూజెర్సీలో ఉన్న కొడుకు ఫోన్లో ‘కారు మీద మంచు తీస్తున్నానమ్మా’ అంటే, ఖమ్మంలో ఉన్న తల్లికి చీరకొంగుతో తుడిస్తే పోయే తడి గుర్తొస్తుంది. అక్కడతను పారతో అరగంటగా చెమటోడుస్తున్నాడని ఆమె ఊహించలేదు.

ఆ తల్లి ఊహించుకునే మంచుకూ, కొడుకు తవ్విపోసే మంచుకూ మధ్య పనిలో తేడా ఉంది కానీ ప్రమాదంలో పెద్దగా లేదు. ఆ సంగతి అర్థం కావాలంటే అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. భద్రాచలం దాటి, చింతూరు మీదుగా శబరి ఒడ్డున ఉన్న కోంటాలో రాష్ట్ర సరిహద్దు దాటి, సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద డిసెంబరులోనో జనవరిలోనో ఒక ఉదయం గడిపితే చాలు.

బస్తర్ మనకు కొత్త చోటు కాదు. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి తీరానికి వచ్చి ఇక్కడ రాజ్యం స్థాపించాడన్నది బస్తర్ రాజవంశం చెప్పుకునే గాథ. కోంటా, భోపాల్‌పట్నం వైపు సంతల్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఒకప్పుడు కేరళ కంటే పెద్దదైన ఒకే ఒక్క జిల్లా ఇది. ఇప్పుడు బస్తర్, కాంకేర్, దంతెవాడ, బీజాపూర్, నారాయణ్‌పూర్, సుక్మా, కొండగావ్ అని ఏడు జిల్లాలైంది. పత్రికల్లో బస్తర్ పేరు కనిపిస్తే అది తుపాకుల వార్తే అయి ఉంటుందన్న అలవాటు మనకు పాతుకుపోయింది. ఇక్కడి చలి గురించి రాసినవాళ్లు తక్కువ.

చలి అంటే ఎముకలు కొరికే చలి కాదు. జగదల్‌పూర్ సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉన్న పీఠభూమి పట్నం. శీతాకాలపు రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల దగ్గరికి, కొన్ని రోజులు ఇంకా కిందికి దిగుతుంది. నీళ్లు గడ్డకట్టేంత చలి చూడాలంటే ఛత్తీస్‌గఢ్‌లోనే ఉత్తరాన సర్గుజా జిల్లాలోని మైన్‌పాట్‌కో, కవర్ధా దగ్గరి చిల్పీ లోయకో వెళ్లాలి. అక్కడ కొన్ని ఉదయాలు పచ్చిక మీద, కార్ల పైకప్పుల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. మన లంబసింగికి కూడా ‘ఆంధ్రా కాశ్మీర్’ అన్న పేరు తగిలించారు. అక్కడ మంచు కురుస్తుందని విని తెల్లవారకముందే కార్లు కట్టుకుని వెళ్లిన పర్యాటకులకు కనిపించేది పొగమంచే. తెలుగు మాట వాళ్లను మోసం చేసిందనలేం, అది మంచేగా.

బస్తర్‌లో మంచు ఇంకోలా పనిచేస్తుంది. వర్షాకాలం వెళ్లిపోయాక ఆకాశం నిర్మలంగా ఉంటుంది. నేలలో, అడవిలో, వాగుల్లో తడి మాత్రం ఇంకా మిగిలే ఉంటుంది. మబ్బు దుప్పటి లేని రాత్రి నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. ఆరుబయట నిలిపిన బండి నేల కంటే తొందరపాటు మనిషి. పల్చటి రేకు పైకప్పు, వాలుగా ఆకాశానికి ముఖం పెట్టిన ముందద్దం చుట్టూ ఉన్న గాలి కంటే కూడా ఎక్కువగా చల్లబడిపోతాయి. తడిగాలి వాటిని తాకగానే నీరై నిలుస్తుంది. అందుకే తెల్లారేసరికి పైకప్పు, ముందద్దం మీద బకెట్టు నీళ్లు పోసినట్టు ఉంటే, నిలువుగా ఉండే పక్క అద్దాలు కాస్త పొడిగానే ఉంటాయి. మామిడిచెట్టు కిందో, వసారాలోనో నిలిపిన బండికి ఈ బాధ చాలావరకు తప్పుతుంది, ఆకాశానికీ దానికీ మధ్య ఏదో అడ్డం ఉంది కాబట్టి. గాలిలో ఉష్ణోగ్రత సున్నాకు నాలుగైదు డిగ్రీల పైన ఉన్నా కొన్ని చోట్ల కారు అద్దం మీద మంచు గడ్డకట్టడానికి కారణం కూడా ఇదే. న్యూజెర్సీ కారుకూ జగదల్‌పూర్ బొలెరోకూ భౌతికశాస్త్రం ఒకటే, తేడా ఆ కొద్ది డిగ్రీల్లోనే.

తెల్లవారుజామున ఐదున్నరకు జగదల్‌పూర్ బస్టాండు చుట్టుపక్కల చూస్తే క్లీనర్ల హడావుడి కనిపిస్తుంది. ఎవరి పద్ధతి వారిది. ఒకడు నిన్నటి హిందీ పత్రికను ఉండచుట్టి రుద్దుతాడు. ఇంకొకడు మెడలోని గమ్ఛా తీసి అద్దం తుడిచి, దాన్నే మళ్లీ మెడలో వేసుకుంటాడు. వైపర్ చెడిపోయిన లారీల వాళ్లు పొగాకు తడిపి అద్దానికి పులిమేవారు. బొట్లు నిలవకుండా నీరు పల్చగా జారిపోతుందని దేశమంతటా డ్రైవర్లకు తెలిసిన పాత చిట్కా అది. కొందరు టీ కొట్టు నుంచి వేడినీళ్లు అడిగి తెచ్చి పోస్తారు. పది డిగ్రీల చలిలో అద్దం దాన్ని తట్టుకోవచ్చు, అప్పటికే రాయి తగిలి చిన్న బీట ఉంటే మాత్రం అది పొడవునా పాకే అవకాశం ఉంది. గడ్డకట్టే చలిలోనైతే ఇది నేరుగా అద్దం పగలగొట్టుకునే పద్ధతే. మొదటి శీతాకాలంలో అమెరికా వెళ్లిన మనవాళ్లకు పాతకాపులు చెప్పే తొలి జాగ్రత్తల్లో ఇదొకటి. గీకడానికి క్రెడిట్ కార్డు వాడొద్దన్నది ఇంకొకటి.

దంతెవాడ వైపు వెళ్తే మంచుకు రంగు వస్తుంది. బైలదిల్లా అంటే ఎద్దు మూపురం అని అర్థం. కొండల వరుస దూరం నుంచి అలాగే ఉంటుంది. 1968 నుంచి ఎన్ఎండీసీ ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వుతోంది. కిరందుల్ నుంచి కొత్తవలస దాకా వేసిన రైలుమార్గం మీదుగా ఆ ఖనిజం విశాఖపట్నం చేరుతుంది. కిరందుల్, బచేలీ రోడ్ల మీద నడిచే ఏ బండి చూసినా ఎర్రటి ధూళి కప్పుకుని ఉంటుంది. రాత్రి కురిసిన మంచు ఆ ధూళితో కలిసి అద్దం మీద పల్చటి ఎర్రమట్టి అలుకు అవుతుంది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే ఏమవుతుందో చాలామంది ఆలోచించరు. ఇనుప ఖనిజం రేణువు గాజుకు సమానంగా, ఒక్కోసారి అంతకంటే గట్టిగా ఉంటుంది. ప్రతి తుడుపూ సన్నటి గరుకు కాగితం పెట్టి గీసినట్టే. పగటిపూట ఆ గీతలు కనిపించవు. రాత్రి ఎదురుగా లారీ లైట్లు పడ్డప్పుడు అద్దమంతా ఒక్కసారి తెల్లగా విచ్చుకుంటుంది. ఇక్కడ ముందుగా కావలసింది గుడ్డ కాదు, రెండు చెంబుల నీళ్లు. ధూళి కిందికి జారిపోయాకే చెయ్యి పెట్టాలి. మంచు కడిగేస్తుందిలే అనుకుని ఎండిన అద్దం మీద వైపర్ ఆడించేవాళ్లు రబ్బరునూ అద్దాన్నీ ఏకకాలంలో పాడుచేసుకుంటున్నారు.

బయటి మంచు సగం కథ. మిగతా సగం లోపల ఉంటుంది. బస్తర్ పల్లెలకు బస్సులు తక్కువ, షేర్ జీపులే దిక్కు. ఎనిమిది మంది పట్టే బండిలో పన్నెండు మంది, వాళ్ల ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర కోళ్లు, చలికి అన్ని అద్దాలూ మూత. ఇంతమంది ఊపిరిలోని ఆవిరి చల్లటి అద్దానికి తాకి నిమిషాల్లో పాలపొరలా కమ్ముతుంది. డ్రైవర్ వైపర్ వేస్తాడు, పోదు. మళ్లీ వేస్తాడు. బయట ఉందో లోపల ఉందో తేల్చుకోవడానికి వేలితో గీసి చూడటమే మార్గం. లోపలిదైతే అరచేత్తో తుడుస్తాడు. చేతి జిడ్డు అంటి అది రెండు నిమిషాల్లో ఇంకా చిక్కగా తిరిగివస్తుంది.

దీనికి విరుగుడు పాతబండిలో ఒకటే, చలి భరించి రెండువైపులా అద్దాలు నాలుగు వేళ్లు దించడం. ఏసీ ఉన్న కార్లలో చలికాలం ఏసీ ఎందుకనుకుంటారు. నిజానికి ఏసీ చేసే పనుల్లో గాలిలోని తేమ పీల్చేయడం ఒకటి. వేడిగాలి, ఏసీ రెండూ కలిపి ముందద్దం మీదికి వదిలి, లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పే మీట మూసేసి బయటి గాలి రానిస్తే పొర విడిపోతుంది. వానాకాలంలో కథ తిరగబడుతుంది. ఏసీ అద్దాన్ని మరీ చల్లబరిస్తే ఆవిరి బయటి వైపు పడుతుంది. అప్పుడు వైపరే మందు.

అద్దం శుభ్రమయ్యాక కూడా ముందున్నది పొగమంచు. కాంకేర్, కొండగావ్‌ల మధ్య కేశ్‌కాల్ ఘాట్ ఉంది. బస్తర్ పీఠభూమికి ఉత్తర గుమ్మం అది. పన్నెండు మలుపులు, దారిలో తేలిన్ మాత గుడి. కింది మైదానం నుంచి వచ్చే లారీలన్నీ అక్కడ ఆగి దండం పెట్టుకుంటాయి. దక్షిణాన దర్భా ఘాట్. 2013 మే 25న కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద మావోయిస్టుల దాడి జరిగిన ఝీరం లోయ ఈ దారిలోదే. దాన్ని ఆనుకునే 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనం, కోటుమ్‌సర్ గుహలు, తీరథ్‌గఢ్ జలపాతం ఉన్నాయి. రాత్రిపూట చల్లబడి బరువెక్కిన గాలి కొండల మీద నుంచి నీళ్లలాగే పల్లానికి జారి లోయల్లో నిలుస్తుంది. అందుకే ఘాట్ పైన నక్షత్రాలు కనిపిస్తున్నా కింద రోడ్డు కనపడదు. పల్లెల్లో పొయ్యిల పొగ కూడా పైకి పోలేక దానిలోనే కలుస్తుంది.

ఈ పొగమంచు గురించి ఒక అపోహ ఉంది, సూర్యుడు వచ్చాడంటే సరి అని. చాలా రోజులు సూర్యోదయం తర్వాత మొదటి గంటలోనే అది మరింత చిక్కబడుతుంది. తొలి ఎండ గాలిని కదిలించి, గడ్డి మీద తడిని పైకి లేపుతుంది. ఆరింటికి బాగానే ఉందని బయలుదేరినవాడు ఏడింటికి ఇరుక్కుంటాడు. మరి రాత్రే వెళ్లిపోకూడదా అంటే, ఈ దారుల్లో చాలా ఏళ్లు భయం వల్ల చీకటి పడ్డాక బండి తీసేవాళ్లు తక్కువ. తెల్లారకుండానే లేచి బయలుదేరడం అలవాటైంది. సరిగ్గా మంచు ముసిరే వేళే ఇక్కడ రోడ్డు రద్దీ మొదలయ్యే వేళ కూడా.

ఆ రద్దీలో బండ్ల కంటే మనుషులు ఎక్కువ. బస్తర్ బతుకంతా వారపు సంతల చుట్టూ తిరుగుతుంది. ఒక్కో ఊరికి ఒక్కో రోజు. సంత రోజున చీకటితోనే అడవి దారుల్లోంచి జనం తారురోడ్డు మీదికి వస్తారు. భుజాన కావడి, తలమీద గంప, చంకలో కోడిపుంజు. చింతపండు, కుండలు, ఆకుదొప్పలు, ఎర్రచీమల పచ్చడికి కావలసిన చీమలు. ఒకరి వెనక ఒకరు, వరుసగా, ఎక్కువ మంది ఎడమ అంచున నడుస్తారు. కావడి బద్ద రోడ్డు మీదికి చాచుకుని ఉంటుంది. వాళ్ల దగ్గర దీపం ఉండదు, మెరిసే పట్టీ ఉండదు. ఎంత ముదురురంగు చీరైనా పొగమంచులో బూడిదరంగే.

ఇప్పుడు డ్రైవర్ సంగతి చూడండి. అతను కూర్చునేది కుడివైపు. తొందరలో ఉన్నవాడు అద్దమంతా తుడవడు. తన ముఖం ఎదురుగా పళ్లెమంత మేర తుడుచుకుని గేరు వేస్తాడు. ఎదురుగా వచ్చే లారీ అతనికి కనిపిస్తుంది, ఎందుకంటే అది కుడివైపు నుంచి వస్తుంది, దానికి లైట్లున్నాయి. లారీ నుంచి తప్పుకోవడానికి అతను బండిని ఎటు కోస్తాడు? ఎడమకు. తుడవని అద్దం ఎటుంది? ఎడమకే. కావడివాడు నడుస్తున్నదీ అక్కడే. పళ్లెమంత కంత లోంచి చూసేవాడికి తన ప్రాణానికి ముప్పు తెచ్చేది మాత్రమే కనిపిస్తుంది, తన వల్ల ముప్పు ఉన్నవాడు కనిపించడు.

లెక్క కూడా అతనికి అనుకూలంగా లేదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు సుమారు 17 మీటర్లు కదులుతుంది. మనిషిని గమనించి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే 25 మీటర్లు పోతాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో పాతిక. మంచుతో తడిసిన తారు మీద ఇంకా ఎక్కువ. చూపు 50 మీటర్లు కూడా ఆనకపోతే వాతావరణ శాఖ దాన్ని అతి దట్టమైన పొగమంచు అంటుంది. అంటే అద్దం అద్దంలా ఉన్నా 60 ఎక్కువే. హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు కొట్టుకుని తిరిగి కళ్లలోనే పడుతుంది. లైటు కిందికి దించి, రోడ్డు అంచు చూసుకుంటూ 20, 30 మీద పోవాలి. ఎడమ అంచు చూసుకోవడానికి ఎడమ అద్దం కావాలి, మళ్లీ అక్కడికే వచ్చాం.

దర్భా దగ్గర ఒక ఉదయం మా జీపు నడిపినతను భద్రాచలం వైపు మనిషి. ఇంజను స్టార్ట్ చేసి, కిందికి దిగి, నాలుగు వైపులా అద్దాలు, వెనక చూసే అద్దాలు, ఆఖరికి హెడ్‌లైట్లు కూడా తుడిచాడు. ఆలస్యమవుతోందని వెనక సీట్లోంచి ఎవరో గొణిగితే ‘సంత రోజు సార్, కాసేపు ఆగండి’ అన్నాడు. అంతకుమించి వివరించలేదు. ఆ తర్వాత పది కిలోమీటర్లలో ఎంతమంది నడుస్తూ కనిపించారో లెక్కపెట్టడం కష్టం. మంచులోంచి మొదట కావడి కొస, తర్వాత మనిషి.

మన చట్టానికి అద్దం మీద శ్రద్ధ లేకపోలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు తీసేయించింది. నగరాల్లో పోలీసులు రోడ్డు పక్కన నిలబడి వాటిని చింపడం చూశాం. రాత్రి కురిసిన మంచుతో వెలుతురు ఎంత శాతానికి పడిపోయిందో కొలిచినవారు లేరు. న్యూజెర్సీలో 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం ఈ విషయం నేరుగా చెబుతుంది. బండి రోడ్డెక్కే ముందు బానెట్, అద్దాలు, పైకప్పు మీద పేరుకున్న మంచు తొలగించాలి. తొలగించకపోతే, ఎవరికీ ఏమీ కాకపోయినా, 25 నుంచి 75 డాలర్ల జరిమానా. పైకప్పు మీద వదిలేసిన మంచుపలక హైవే మీద లేచి వెనక కారు అద్దాన్ని బద్దలు కొడుతుంది కాబట్టి పైకప్పునూ చేర్చారు. అక్కడా చట్టం ఆలోచించింది మంచు తియ్యని డ్రైవర్ గురించి కాదు, వెనక వచ్చేవాడి గురించి.

అసలు వైపర్ పుట్టిందే ఇలాంటి చూపు కోసం. 1900ల తొలినాళ్లలో న్యూయార్క్‌లో ఒక చలికాలపు రోజు మేరీ ఆండర్సన్ అనే అలబామా మహిళ ట్రామ్ ఎక్కింది. అద్దం మీద మంచు కలిసిన వాన పడి దారి కనపడక డ్రైవర్ పడుతున్న అవస్థ గమనించింది. లోపలి నుంచి మీటతో తిప్పే తుడుపుకర్రకు 1903 నవంబరులో పేటెంటు తీసుకుంది. దానితో లాభం ఉండదని అప్పట్లో ఒక కంపెనీ తిప్పికొట్టింది కూడా. ఇప్పుడది లేని కారు లేదు. కానీ బస్తర్ జీపుల్లో ఎడమ వైపర్‌కు రబ్బరు ఉందో లేదో చూసేవాళ్లు తక్కువ. డ్రైవర్ ఎదుట ఉన్నది పనిచేస్తే ఫిట్‌నెస్ వచ్చేసినట్టే.

చలికాలం బస్తర్ వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మాట. జగదల్‌పూర్‌కు సుమారు 38 కిలోమీటర్ల దూరంలో ఇంద్రావతి మీద చిత్రకోట్ జలపాతం ఈ రోజుల్లోనే చూడాలి. వర్షాకాలపు మట్టిరంగు పోయి నీళ్లు తేటపడతాయి. అక్కడ ఒడ్డున రాత్రంతా కారు నిలిపితే మంచుకు జలపాతపు తుంపర కూడా తోడవుతుంది. మెత్తటి గుడ్డలు రెండు, లోపలికి ఒకటి బయటికి ఒకటి, ఒక సీసా నీళ్లు వెంట ఉంచుకోండి. బయలుదేరే సమయం ఎనిమిదిన్నర అనుకుంటే హాయి. తొమ్మిదింటికల్లా పొగమంచు చెట్ల కొనల దాకా లేచి, చూస్తుండగానే కనపడకుండా పోతుంది. బండి పైకప్పు ఎండలో ఆవిరి కక్కుతుంది. సాల్ చెట్ల నీడలో మాత్రం రోడ్డు పదింటి దాకా తడిగానే ఉంటుంది, అప్పటికి సంతకు వెళ్లేవాళ్లు దాదాపు అందరూ చేరిపోయి ఉంటారు.